ఎవరి క్షేత్రం? ఎవరి మీద బలం?

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. స్థిర విద్యుత్తు పాఠంలో సూత్రాలన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. లెక్క ఇస్తే మాత్రం చేతులాడవు. ఆవేశం అంటే ఏమిటని వెతికితే ‘పదార్థానికి ఉన్న ఒక ధర్మం’ అని పుస్తకం తప్పించుకుంటోంది. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుంది. కానీ కాగితానికి ఆవేశం లేదు కదా, కూలుంబ్ సూత్రంలో ఒక ఆవేశం సున్నా అయితే బలం కూడా సున్నా రావాలి కదా? బలం లెక్కకట్టడానికి ఆ సూత్రం ఉండగా మళ్లీ ‘క్షేత్రం’ ఎందుకు? అది నిజంగా ఉందా, లెక్క కోసం పెట్టుకున్నదా? మొన్న పరీక్షలో +4 మైక్రోకూలుంబులు, −1 మైక్రోకూలుంబు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే క్షేత్రం ఎక్కడ సున్నా అవుతుందని అడిగారు. రెండింటి మధ్య అని రాశాను. సున్నా వేశారు. ఈ ప్లస్సు మైనస్సుల గొడవ నుంచి బయటపడే దారి చెప్పండి.
– ఒక విద్యార్థిని

సమాధానం: మీ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది కాగితం ముక్కల ప్రశ్న. సూత్రంలో సున్నా పెడితే సున్నా రావాలి కదా అని పట్టుబట్టారు చూడండి, అది భౌతికశాస్త్రం చదవాల్సిన పద్ధతి. చాలామంది ఆ మాట అడగకుండానే పాఠం దాటిపోతారు. దాని దగ్గరికి వస్తాను, కాస్త ఆగండి. ముందు ఒక అలవాటు చేసుకోవాలి. ఈ పాఠంలో ఏ లెక్క మొదలుపెట్టినా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇక్కడున్న క్షేత్రం ఎవరిది? బలం పడేది ఎవరి మీద? మీరు రాసిన చిక్కుల్లో చాలావరకు ఈ రెంటినీ ఒకే గిన్నెలో కలిపేయడం వల్ల వచ్చినవే.

ఆవేశం సంగతి. పుస్తకం తప్పించుకుంటోందని మీకు కోపంగా ఉంది. ద్రవ్యరాశి అంటే ఏమిటని అడిగినా అదే పుస్తకం అలాగే తప్పించుకుంటుంది, అక్కడ మాత్రం మీకు కోపం రాలేదు. బరువులు మోసిన అనుభవం ఉంది కాబట్టి ఆ మాట తెలిసినట్టే అనిపిస్తుంది. ఆవేశాన్ని అలా చేత్తో ఎత్తి చూసింది లేదు. దాన్ని విప్పి, లోపల ఇంకా సులువైనది ఏదో ఉందని చూపించడం ఎవరివల్లా కాలేదు. అందుకని అది ఏం చేస్తుందో చెప్పడమే దానికి నిర్వచనం. ఎలక్ట్రాన్ మీద అది ఉంది, న్యూట్రాన్ మీద మొత్తం కలిపితే లేదు. ఉన్నవి ఒకదాన్నొకటి లాగుతాయి లేదా నెడతాయి. అంతే.

అది రెండు రకాలని 1730ల్లో ఫ్రాన్స్‌లో డ్యూ ఫే గమనించాడు: గాజును రుద్దితే వచ్చేది ఒకటి, అంబరు (రాయిలా గట్టిపడిన చెట్టు జిగురు) వంటివాటిని రుద్దితే వచ్చేది ఇంకొకటి. వాటికి ప్లస్, మైనస్ అని పేర్లు పెట్టింది బెంజమిన్ ఫ్రాంక్లిన్. అప్పటికి ఎలక్ట్రాన్ ఊసే లేదు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను పట్టుకునేసరికి అది మైనస్ వైపు తేలింది. ఫ్రాంక్లిన్ పేర్లు తారుమారుగా పెట్టి ఉంటే మన పుస్తకాల్లో గుర్తులన్నీ తిరగబడేవి, ప్రపంచంలో మాత్రం వెంట్రుకవాసి తేడా కూడా వచ్చేది కాదు. గుర్తులంటే హడలిపోయేవాళ్లకు ఈ సంగతి కొంత ధైర్యమివ్వాలి. అయితే ఆ పేర్లు ఊరికే పెట్టినవీ కావు. రెండు రకాల్నీ సమానంగా కలిపితే బయటికి ఏమీ లేనట్టే ఉంటుంది, కూడికలో ప్లస్సూ మైనస్సూ చేసే పని అదే.

రుద్దడం వల్ల ఆవేశం ‘పుడుతుంది’ అని రాస్తుంటారు, ఆ మాట మానేయండి. జుట్టు నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు దువ్వెన మీదికి చేరతాయి, జుట్టుకు అన్నే తక్కువవుతాయి, రెండింటి మొత్తం మునుపు ఎంతో ఇప్పుడూ అంతే. ఇదే ఆవేశ నిత్యత్వం. దువ్వెన మీదికి 10 నానోకూలుంబులు చేరిందనుకుందాం (కూలుంబు ఆవేశానికి కొలత, నానో అంటే అందులో వంద కోట్లో వంతు). దాదాపు 6,240 కోట్ల ఎలక్ట్రాన్లు! పెద్ద సంఖ్యలా కనబడుతోంది కదా, దువ్వెనలోని పరమాణువుల లెక్కన చూస్తే లక్ష కోట్ల పరమాణువులకు ఒక్క ఎలక్ట్రాన్ కూడా రాదు. ఒక్కో ఎలక్ట్రాన్ మీద ఉండేది 1.602×10⁻¹⁹ కూలుంబులు. ఆవేశం ఎప్పుడు చేతులు మారినా ఈ ముక్కల లెక్కనే మారుతుంది, సగం ముక్క ఇచ్చిపుచ్చుకోవడం ఎవరూ చూడలేదు. ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపలుండే క్వార్కులకు ఇందులో మూడో వంతు లెక్కన ఆవేశం ఉంది నిజమే కానీ, అవి ఒంటరిగా బయటికి రావు.

ఇక బలం. కూలుంబ్ 1785లో ఒక సన్నని వెండి తీగకు అడ్డంగా పుల్ల వేలాడదీసి, దాని కొనకు చిన్న బెండు ఉండ తగిలించాడు. దాని పక్కనే కదలని ఉండ మరొకటి. రెండింటికీ ఒకే రకం ఆవేశం ఇస్తే వేలాడే ఉండ దూరంగా జరుగుతుంది, తీగ మెలిపడుతుంది. మెలి ఎంతో బలం అంత. మొదట ఉండలు 36 డిగ్రీల ఎడంలో నిలిచాయి, తీగ మెలి కూడా 36 డిగ్రీలే. తర్వాత తీగను పైనుంచి తిప్పి ఉండల్ని 18 డిగ్రీల దగ్గరికి తెచ్చాడు. అందుకు మొత్తం 144 డిగ్రీల మెలి కావాల్సి వచ్చింది. దూరం సగమైతే బలం నాలుగింతలు. ఇంకా దగ్గరికి, 8.5 డిగ్రీలకు తెస్తే మెలి 575.5, అంటే దాదాపు పదహారింతలు. ఆవేశం గాలిలోకి జారిపోతున్నా, చేత్తో తీగ తిప్పుతూ ఇంత దగ్గరగా పట్టుకోగలిగాడంటే ఆ ఓపికకు దండం పెట్టాలి. ఆ తర్వాత జనం ఈ నియమాన్ని వదల్లేదు, సూక్ష్మంగా పరీక్షిస్తూనే వచ్చారు. 1971లో జరిగిన ప్రయోగంలో ‘దూరం వర్గం’ అనే మాటలోని ఆ 2లో దశాంశం తర్వాత పదిహేనో స్థానం దాకా తేడా కనబడలేదు.

సూత్రం మీకు వచ్చు: రెండు ఆవేశాల లబ్ధాన్ని వాటి మధ్య దూరం వర్గంతో భాగించి, ఒక స్థిరాంకంతో గుణిస్తే బలం. దాని పరిమాణం మాత్రం మీకు అందినట్టు లేదు. అందులోని స్థిరాంకం దాదాపు 9×10⁹. ఒక్కో కూలుంబు ఆవేశాన్ని మీటరు దూరంలో పెడితే ఒకదాన్నొకటి నెట్టే బలం తొమ్మిది వందల కోట్ల న్యూటన్లు, సుమారు తొమ్మిది లక్షల టన్నుల బరువంత. మరోవైపు మూడు గ్రాముల రాగి ముక్కలో ఉన్న ఎలక్ట్రాన్ల ఆవేశం దాదాపు 1,30,000 కూలుంబులు! అది మన చేతిలో ఏ గొడవా లేకుండా ఎలా పడుంది? కేంద్రకాల్లో సరిగ్గా అంతే ప్లస్ ఉంది కాబట్టి. ఎలక్ట్రాన్, ప్రోటాన్ మధ్య విద్యుత్ ఆకర్షణ వాటి గురుత్వాకర్షణకు సుమారు 2×10³⁹ రెట్లు. ఇంత బలమైనది రోజంతా మనకు కనబడకుండా, అంత బలహీనమైన గురుత్వం మాత్రం మనల్ని నేలకు కట్టిపడేయడానికి కారణం ఈ సరితూగడమే. ద్రవ్యరాశికి మైనస్ లేదు, పోగుపడుతూ పోతుంది. ఆవేశం ఎప్పటికప్పుడు చెల్లుకు చెల్లు. అందుకే లెక్కలన్నీ మైక్రో, నానో కూలుంబుల్లో ఇస్తారు. మీ జవాబులో కోట్ల న్యూటన్లు వచ్చాయంటే మైక్రోకు రాయాల్సిన 10⁻⁶ ఎక్కడో జారిపోయిందని ముందు అనుమానించండి, సెంటీమీటర్లను మీటర్లు చేయకుండా వర్గం కట్టారేమో తర్వాత చూడండి.

ఒక చిన్న వల కూడా చెప్తాను, పరీక్షల్లో తరచూ వేస్తారు. +4 మైక్రోకూలుంబులు −1 మీద చూపే బలం ఎక్కువా, −1 మైక్రోకూలుంబు +4 మీద చూపే బలం ఎక్కువా? పెద్దది ఎక్కువ బలంతో లాగుతుందని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. రెండూ సమానం. సూత్రంలో రెండు ఆవేశాల లబ్ధం ఉంది, ఎవరి వైపు నుంచి చూసినా ఆ లబ్ధం ఒకటే. న్యూటన్ మూడో నియమం ఇక్కడ కూడా కాపలా కాస్తోంది. వాటి క్షేత్రాలు మాత్రం సమానం కావు. ఈ తేడా పట్టుకోవడానికే క్షేత్రం అనే మాట.

క్షేత్రం ఎందుకంటారా? కూలుంబ్ నియమం ఇద్దరి మధ్య జరిగే వ్యవహారం, రెండు ఆవేశాలూ చేతిలో ఉంటే తప్ప అది నోరు విప్పదు. క్షేత్రం ఆ వ్యవహారాన్ని రెండుగా విడదీస్తుంది. మొదటి సగం: అక్కడున్న ఆవేశాలు ఈ చోటును ఎలా మార్చాయి? రెండో సగం: ఈ చోట ఏదైనా పెడితే దానికేమవుతుంది? గదిలో ప్రతి మూలకూ ఒక ఉష్ణోగ్రత ఉంటుంది, అక్కడ థర్మామీటరు పెట్టినా పెట్టకపోయినా. చుట్టూ ఉన్న ఆవేశాల వల్ల ప్రతి బిందువుకూ ఒక క్షేత్రం ఉండటం కూడా అటువంటిదే, కాకపోతే దానికి దిశ కూడా ఉంటుంది. థర్మామీటరు పెద్దదైతే గది వేడిని అదే మార్చేస్తుంది. అలాగే మనం పెట్టే పరీక్షావేశం పెద్దదైతే మిగతా ఆవేశాలు కదిలిపోతాయి. ‘అతి చిన్న ధనావేశం’ అని నిర్వచనంలో రాయడం అందుకు. మీరు దాన్ని బట్టీ పట్టారు కానీ, అది ఎందుకుందో అడగలేదని నా అనుమానం.

కాబట్టి ఒక బిందువు దగ్గర క్షేత్రం అంటే అక్కడ కూలుంబు ఆవేశానికి ఎన్ని న్యూటన్ల బలం చొప్పున పడుతుందో ఆ లెక్క, దిశతో సహా. ధనావేశం నుంచి బయటికి, ఋణావేశం లోపలికి. పరీక్షావేశం ప్లస్ అని ఒప్పుకున్నాం కాబట్టి ఈ దిశ. తర్వాత అక్కడ నిజంగా ఏ ఆవేశం పెట్టినా బలం = ఆవేశం × క్షేత్రం. పెట్టింది మైనస్ అయితే బలం క్షేత్రానికి ఎదురు దిశలో ఉంటుంది. క్షేత్రం తిరగబడదు, బలమే తిరగబడుతుంది. మీ గుర్తుల గొడవంతా ఇక్కడే మొదలవుతోంది.

మీ పరీక్ష లెక్కనే తీసుకుందాం. ఎడమవైపు +4, దానికి 30 సెంటీమీటర్ల కుడివైపు −1. కాగితం మీద గీత గీయండి, ఇంకా సూత్రం రాయకండి. రెండింటి మధ్య ఎక్కడైనా నిలబడి అడగండి: +4 క్షేత్రం ఎటు? దాని నుంచి బయటికి, అంటే కుడికి. −1 క్షేత్రం ఎటు? దాని వైపుకి, అంటే అదీ కుడికే. రెండూ ఒకే దిక్కు చూస్తుంటే కొట్టేసుకోవడం కలలో మాట. ఉదాహరణకు సరిగ్గా మధ్యలో, 15 సెంటీమీటర్ల దగ్గర, +4 వల్ల 16 లక్షలు, −1 వల్ల 4 లక్షలు, మొత్తం కూలుంబుకు 20 లక్షల న్యూటన్లు. పొడిగాలి సుమారు 30 లక్షల దగ్గర తట్టుకోలేక నిప్పురవ్వ ఇస్తుంది, అంటే మీరు సున్నా అని రాసిన చోట నిజానికి రవ్వ లేవడానికి మూడింట రెండు వంతుల సన్నాహం జరిగి ఉంది.

ఇప్పుడు +4కు ఎడమవైపు వెళ్లండి. అక్కడ క్షేత్రాలు ఎదురెదురే, నిజమే. కానీ మీరు పెద్ద ఆవేశానికి దగ్గరగానూ చిన్నదానికి దూరంగానూ ఉన్నారు, చిన్నది ఎప్పటికీ సరితూగలేదు. ఇక మిగిలింది −1కు కుడివైపు. అక్కడ క్షేత్రాలు ఎదురెదురు, పైగా చిన్నదానికి మీరు దగ్గర. పెద్దది నాలుగింతలు కాబట్టి దాని నుంచి మన దూరం చిన్నదాని నుంచి ఉన్నదానికి రెండింతలు ఉండాలి, వర్గం కడితే నాలుగుకు నాలుగు పోతుంది. −1కు కుడివైపు 30 సెంటీమీటర్ల దగ్గర నిలబడితే +4 నుంచి 60 సెంటీమీటర్లు. సున్నా అక్కడ. వర్గసమీకరణం రాయనవసరమే లేదు. రాసినా తప్పు లేదు, కానీ దానికి రెండు మూలాలు వస్తాయి, వాటిలో ఒకటి క్షేత్రాలు పరిమాణంలో సమానమైనా ఒకే దిశలో ఉన్న చోటు. ఏది ఉంచాలో, ఏది పారేయాలో బొమ్మ చెప్తుంది తప్ప సమీకరణం చెప్పదు.

గుర్తుల విషయంలో నా సలహా ఒకటే, దాన్ని మొండిగా పాటించండి. సూత్రంలో ఆవేశం పరిమాణం మాత్రమే పెట్టండి, మైనస్ పెట్టవద్దు. దిశను బొమ్మ చూసి బాణంగా గీయండి. మైనస్‌ను సూత్రంలోనూ పెట్టి బాణంలోనూ లెక్కపెడితే అదే మైనస్‌ను రెండుసార్లు వాడినట్టు. మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే. సదిశల పద్ధతిలో గుర్తుతో సహా రాసే దారి కూడా ఉంది, అది సరైనదే. కానీ రెండు దారుల్నీ ఒకే లెక్కలో కలపకూడదు. మూడు నాలుగు ఆవేశాలు ఉంటే ఒక్కోదాని క్షేత్రం విడిగా, మిగతావి అసలు లేవన్నట్టే కట్టి, చివర్లో బాణాల్ని కూడాలి. ఒక ఆవేశం పక్కనుంటే ఇంకొకదాని క్షేత్రం తగ్గడం, పెరగడం, అడ్డు తగలడం ఏమీ ఉండదు. అధ్యారోపణ సూత్రం అని పెద్ద పేరు పెట్టింది ఈ మాటకే.

ఇక కాగితం ముక్క. దానికి మొత్తం ఆవేశం సున్నా అన్నది నిజం, దానిలో ఆవేశాలే లేవన్నది నిజం కాదు. రాగి ముక్క లెక్క చూశారు కదా, కాగితంలో కూడా అలాగే లెక్కలేనన్ని ప్లస్సులు, మైనస్సులు సరితూగి కూర్చున్నాయి. మైనస్ ఆవేశమున్న దువ్వెన దగ్గరికి రాగానే దాని క్షేత్రంలో కాగితం అణువుల్లోని ఎలక్ట్రాన్లు దువ్వెనకు అవతలి పక్కకు ఒరుగుతాయి. ఒరిగేది పరమాణువు వెడల్పులో చిన్న భాగమంత. కాగితం విద్యుత్ బంధకం కాబట్టి ఎలక్ట్రాన్లు తమ అణువుల్ని వదిలి పరుగెత్తలేవు. అయినా ఫలితం ఏమిటి? ముక్కకు దువ్వెన వైపు అంచున కాస్త ప్లస్, అవతలి అంచున అంతే మైనస్. దీన్నే ధ్రువణం అంటారు. దగ్గరి అంచును దువ్వెన లాగుతుంది, దూరపు అంచును నెడుతుంది. రెండూ సమాన ఆవేశాలే, కానీ దగ్గరి అంచు ఉన్న చోట క్షేత్రం ఎక్కువ, దూరపు అంచు ఉన్న చోట తక్కువ. లాగుడే గెలుస్తుంది.

మన రెండు ప్రశ్నలు ఇక్కడ వేసి చూడండి. క్షేత్రం ఎవరిది? దువ్వెనది. బలం ఎవరి మీద? ‘కాగితం మీద’ అంటే సున్నా ఆవేశం దగ్గర ఇరుక్కుపోతారు. ‘కాగితంలోని ప్లస్సుల మీద ఒకటి, మైనస్సుల మీద ఒకటి’ అంటే విడిపోతుంది. కూలుంబ్ సూత్రం ఎక్కడా ఓడిపోలేదు. అది బిందు ఆవేశాలకు చెప్పిన మాట, మీరు దాన్ని మొత్తం కాగితానికి ఒక్క సంఖ్యగా వాడారు.

దీని నుంచి రెండు మూడు సంగతులు ఊరికే చేతికొస్తాయి. దువ్వెన మీద ఉన్నది ప్లస్ అయినా కాగితాన్ని లాగుతుంది, ఒరిగే దిక్కు మారుతుందంతే. కాబట్టి ఒక వస్తువు ఆకర్షితమైనంత మాత్రాన దానికి ఆవేశం ఉందని చెప్పలేం, వికర్షణ ఒక్కటే గట్టి సాక్ష్యం. రెండోది, క్షేత్రం అన్ని చోట్లా ఒకే తీరుగా ఉంటే తటస్థ ముక్క కదలదు. రెండు అంచుల్నీ సమానంగా అటూ ఇటూ లాగడమే జరుగుతుంది. బలం రావాలంటే క్షేత్రం చోటు చోటుకూ మారుతూ ఉండాలి. మూడోది నాకు ఇష్టమైనది. దువ్వెనను ఒక బిందువు అనుకుంటే, దూరం రెండింతలైనప్పుడు ధ్రువణం కలిగించే క్షేత్రం నాలుగో వంతు అవుతుంది, ఆ క్షేత్రం మారే వేగం ఎనిమిదో వంతు అవుతుంది, రెండూ కలిసి బలం 32వ వంతుకు పడిపోతుంది. నిజం దువ్వెన బిందువు కాదు గనుక సరిగ్గా ఇంతే అనను. కానీ కాగితం ముక్కలు చాలాసేపు ఉలుకూ పలుకూ లేకుండా పడుండి, దువ్వెన ఇంకాస్త దగ్గరికి రాగానే ఒక్కసారిగా ఎగిరి అతుక్కోవడం వెనకున్న లెక్క ఇదే. అతుక్కున్న ముక్కల్లో కొన్ని కాసేపటికి ఎగిరి పడతాయి. తాకినప్పుడు దువ్వెన ఆవేశం కొంత వాటి మీదికి పాకుతుంది, అప్పుడు ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఈ ప్రయోగం చేయకండి, దువ్వెన మీద పట్టిన సన్నని తేమ పొర ఆవేశాన్ని నిలవనివ్వదు.

క్షేత్రం నిజమా, లెక్కా అన్నారు. కదలకుండా కూర్చున్న ఆవేశాల వరకే చూస్తే అది లెక్క సౌకర్యం అని వాదించినా మిమ్మల్ని తప్పుపట్టలేను. కదిలించగానే ఆ వాదన నిలవదు. ఒక ఆవేశం మూడు లక్షల కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. దాన్ని ఇప్పుడు కుదిపితే ఇక్కడున్న ఆవేశానికి ఆ సంగతి తెలిసేది సుమారు ఒక సెకను తర్వాత. కబురు కాంతి వేగం కంటే ముందు రాదు. ఆ సెకను పాటు కుదుపు ఎక్కడుంది? అక్కడ కదలిక అయిపోయింది, ఇక్కడ ఇంకా మొదలవలేదు. దానితో బయల్దేరిన శక్తి, ద్రవ్యవేగం ఎక్కడో ఒక చోట ఉండాలి కదా? అవి ఉన్నది క్షేత్రంలో. మైకేల్ ఫారడే గణితం పెద్దగా రానివాడు, ఆవేశాల కంటే వాటి మధ్యనున్న ఖాళీ మీదే చూపు పెట్టాడు. మాక్స్‌వెల్ ఆ చూపును 1860ల్లో సమీకరణాలుగా రాశాడు, క్షేత్రంలో కుదుపు తరంగంలా ప్రయాణించాలని వాటి నుంచి తేలింది. ఆ తరంగాల్ని 1880ల చివర్లో హెర్ట్జ్ ప్రయోగశాలలో పుట్టించి పట్టుకున్నాడు. లెక్క కోసం పెట్టుకున్న మాట గోడకు తగిలి వెనక్కి రాదు, ఆ తరంగాలు వచ్చాయి.

దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం గల రాగి తీగలో ఒక ఆంపియరు కరెంటు పోతుంటే ఎలక్ట్రాన్లు సగటున జరిగే వేగం సెకనుకు 0.07 మిల్లీమీటరు, నత్తకంటే నెమ్మది. స్విచ్ వేయగానే దీపం వెలగడానికి అక్కడి ఎలక్ట్రాన్ ఇక్కడికి రానక్కర్లేదు. తీగ పొడుగునా క్షేత్రం కాంతి వేగానికి దగ్గరి వేగంతో ఏర్పడిపోతుంది, ఎక్కడి ఎలక్ట్రాన్లు అక్కడే కదలడం మొదలుపెడతాయి.

క్షేత్రాన్ని చూపడానికి గీసే బల రేఖల గురించి మీరు అడగలేదు, అయినా ఒక హెచ్చరిక. ఆ బొమ్మలు అందంగా ఉంటాయి, అందుకే నమ్మబుద్ధేస్తుంది. రేఖ మీద గీసిన స్పర్శరేఖ క్షేత్రం దిశను చెప్తుంది, రేఖలు చిక్కగా ఉన్న చోట క్షేత్రం ఎక్కువ, అంతవరకే వాటి పని. రెండు రేఖల మధ్య ఖాళీలో కూడా క్షేత్రం ఉంటుంది. అవి ఖండించుకోకపోవడానికి కారణం ఒకే బిందువులో క్షేత్రానికి రెండు దిశలు ఉండలేకపోవడం. వదిలిన ఆవేశం రేఖ వెంటే ప్రయాణిస్తుందని మాత్రం అనుకోకండి. రేఖ చెప్పేది బలం దిశ, అంటే త్వరణం దిశ. వంకర రేఖ మీద వేగం పుంజుకున్న ఆవేశం మలుపు దగ్గర రేఖను వదిలేస్తుంది. రేఖ తిన్నగా ఉండి, ఆవేశం నిశ్చల స్థితి నుంచి బయల్దేరితేనే రెండు దారులూ ఒకటి.

సున్నా క్షేత్రం అంటే అక్కడ ఎవరి క్షేత్రమూ లేదని అర్థం కాదు, ఇది కూడా మీ పరీక్ష లెక్కకు చుట్టరికమున్న మాట. ఆవేశమున్న లోహపు పాత్ర లోపల దారానికి కట్టిన బెండు ఉండ మీద బలం కనబడదని ఫ్రాంక్లిన్ గమనించాడు. జోసెఫ్ ప్రీస్ట్లీ అది చూసి, గురుత్వంలో బోలు గోళం లోపల కూడా ఇలాగే జరుగుతుంది కదా, అయితే ఇక్కడ కూడా దూరం వర్గానికి విలోమంగానే బలం ఉండాలని 1767లోనే ఊహించాడు. కూలుంబ్ తీగకు 18 ఏళ్ల ముందు! పాత్ర గోడ మీది ప్రతి ఆవేశమూ లోపలి బిందువు దగ్గర తన క్షేత్రాన్ని పంపిస్తూనే ఉంది. అన్నీ కలిసి సున్నా అవుతున్నాయి.

ఇప్పుడు మీరు చేయాల్సిన లెక్క ఒకటి ఇస్తున్నాను. చతురస్రం నాలుగు మూలల్లో నాలుగు సమాన ధనావేశాలున్నాయి. కేంద్రంలో క్షేత్రం సున్నా, ఎదురెదురు మూలలవి కొట్టేసుకుంటాయి కాబట్టి. ఒక మూల ఆవేశాన్ని తీసేశాను. ఇప్పుడు కేంద్రంలో క్షేత్రం ఎంత, ఎటు? మూడు బాణాలు గీసి కూడితే వస్తుంది. కూడకుండా కూడా వస్తుంది: నాలుగూ కలిపి సున్నా అయితే, మిగిలిన మూడూ కలిపి తీసేసిన ఒక్కదానికి సమానంగానూ ఎదురుగానూ ఉండాలి. కాబట్టి క్షేత్రం పరిమాణం ఒక్క ఆవేశం ఇచ్చేదంత, దిశ ఖాళీ మూల వైపు. ఇది అర్థమయ్యాక తీసేసిన చోట అంతే పరిమాణమున్న ఋణావేశం పెట్టి, కేంద్రంలో ఎంత వస్తుందో మీరే చెప్పండి. దాని తర్వాత కేంద్రంలో ఒక ఎలక్ట్రాన్ ఉంచి, అది ఎటు కదులుతుందో బాణం గీయండి. క్షేత్రం బాణం, ఎలక్ట్రాన్ బాణం రెండూ ఒకే దిక్కు చూపిస్తే ఎక్కడో ఒక మైనస్ తప్పిపోయింది, వెనక్కి వెళ్లి వెతకండి.